ఆవు మేసిన గోడ

"ఆంటీ, ఈ కిటికీ ఇంత కిందకి ఎందుకు పెట్టించారు?"

మొన్న మా ఇల్లు చూడటానికి వచ్చిన ఇంజినీరింగ్ కాలేజీ పిల్లల్లో ఒకమ్మాయి అడిగిన మాట ఇది. అడగాల్సిన ప్రశ్నే. గడ్డికట్టలతో గోడలు కట్టుకున్నవాళ్ళు ఎక్కడో ఒకచోట జానెడు మేర మట్టిపూత వెయ్యకుండా వదిలి, దానికి చిన్న తలుపు పెట్టుకుంటారు. లోపల ఇటుక లేదు, గడ్డే ఉందని వచ్చినవాళ్ళకి చూపించడానికి. అందరి ఇళ్ళలోనూ అది కంటి ఎత్తులో, పటం తగిలించినట్టు ఉంటుంది. మా ఇంట్లో మాత్రం ముందుగదిలో, పడమటి గోడ మూలకి, మోకాలికి కాస్త పైన ఉంది. చూడాలంటే వంగాలి. నా వయసువాళ్ళయితే నడుం పట్టుకుని మరీ వంగాలి.

"మేం పెట్టించలేదమ్మా. ఆవు పెట్టింది," అన్నాను.

పిల్లలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కంచె వైపు చూశాను. ఆ ఆవు తాలూకు మనిషి ఇప్పుడు లేదు, పోయిన చలికాలంలో వెళ్ళిపోయింది. ఉండి ఉంటే కంచె అవతలి నుంచే "ఏటే, ఎవులే ఆల్లు? గోడ గోకుతన్నారేటి? సెయ్యి తియ్యమను!" అని ఓ కేక పెట్టేది. పిల్లలు హడిలి చచ్చేవారు.

మా వీధిలో అందరికీ ఆవిడ ఆవుల మామ్మ. నేను మాత్రం ఒట్టి మామ్మ అనేదాన్ని. చోడవరం నుంచి బుచ్చయ్యపేట వెళ్ళే దారిలో, ఇళ్ళు పలచబడ్డాక, మా నాన్న నా వాటాకి ఇచ్చిన చిన్న నేలచెక్క ఉంది. దాని పక్కనే ఆవిడ పశువులశాల. శాల వెనక గడ్డికుప్ప. ప్రభుత్వం ఇచ్చిన స్లాబు గది కూడా ఉండేది గానీ, అందులో తవుడు బస్తాలు పెట్టి తను శాలలోనే మంచం వేసుకునేది. "ఆ సిలాబు కింద పడుకుంటే అట్టు కాలినట్టు కాల్తన్నాను. తవుడుకయితే ఏటి బాధ?" అనేది.

మనిషి సన్నగా, ఎండుకర్రలా ఉండేది. గొంతు మాత్రం మైకు అక్కర్లేని గొంతు. నోట్లో ఎప్పుడూ ఓ గడ్డిపరక ఆడుతూ ఉండేది. ఏదైనా ఆలోచిస్తున్నప్పుడు పరక ఎడమ దవడ నుంచి కుడి దవడకి వెళ్ళేది. కోపం వస్తే తుప్పున ఉమ్మేసేది. పరక ఉమ్మిందంటే ఎదుటివాళ్ళు కాస్త వెనక్కి జరగాలన్నమాట. కుర్చీలో కూర్చోవడం నేను చూడలేదు. అన్నం కూడా నిలబడే తినేది. ఎవరేం అడిగినా జవాబు ఆవు మీద పెట్టి చెప్పేది. "ఇయ్యాల పాలు తక్కువేటి మామ్మా?" అంటే "ఎర్రావుకి మనసు బాగోనేదు" అనేది. పెళ్ళికి పిలిస్తే "ఎర్రావుని అడిగి సెప్తాను" అనేది. నిజంగానే శాలలోకి వెళ్ళి అడిగేదో ఏమో, నాకు తెలీదు.

ఇన్ని చెప్పాను గానీ, ఆవిడ అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆవిడ చెయ్యి. వాన వెలిసిన ప్రతిసారీ కుప్ప దగ్గరికి వెళ్ళి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, నోట్లో పరక తీసి చెవి వెనక పెట్టుకుని, కుడిచెయ్యి మోచేతి దాకా కుప్పలోకి దోపేది. కళ్ళు మూసుకునేది. అప్పుడు మాత్రం మాట్లాడేది కాదు. గడ్డిలో చెమ్మ చేరితే లోపల వేడి పుడుతుంది, మగ్గి నల్లబడుతుంది, మరీ ముదిరితే పొగ కూడా వస్తుంది. ఆ వేడి బయటికి తెలీదు, చెయ్యి పెడితేనే తెలుస్తుంది. కాసేపటికి చెయ్యి తీసి తీర్పు చెప్పేది: "జొరం నేదు." ఉంటే, "జొరం ఉంది." జ్వరం ఉన్న చోట కుప్ప విప్పి ఆరబోసేది. 

ఇంతకీ నేనెవరో, నా ఇల్లేమిటో కూడా చెప్పాలి కదా. గాజువాకలో ఓ మేడ మీద, ఆఖరి అంతస్తు గదిలో చాలా ఏళ్ళు అద్దెకున్నాను. మందుల కంపెనీలో షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుందామంటే పైన స్లాబు పెనంలా కాలేది. నా కాపురం నిలబడలేదు, పిల్లలు లేరు. ఉద్యోగం మానేసి వచ్చేస్తానంటే అన్నయ్య మంచి మనసుతోనే, "మాయింటి ఎనక గది కాళీగే ఉంది, వచ్చీ," అన్నాడు. ఆ వెనక గది మాట వింటేనే నాకు ఊపిరాడేది కాదు. తిండి పెట్టరని కాదు. బాగానే పెడతారు. కానీ నా గిన్నె నేను కడిగి నాకిష్టమైన చోట బోర్లించుకునే ఇల్లు ఒకటి ఉండాలని పట్టుదల. ఉన్నదంతా ఊడ్చి ఆ చెక్కలో ఇల్లు మొదలుపెట్టాను. అది నిలబడకపోతే నాకు మిగిలేది వెనక గదే.

గడ్డితో ఎందుకంటే, ఓ స్నేహితురాలితో కలిసి అలాంటి ఇళ్ళు కట్టడం నేర్పే చోటికి వెళ్ళాను. నడి ఎండలో ఆ గదిలోకి అడుగుపెట్టగానే చెట్టు కింద నిలబడ్డట్టు అనిపించింది. మూరెడు మందం గోడలు. వేడి లోపలికి రాదు. పైగా ఇప్పుడు పొలాల్లో మిషను కోతలు వచ్చాక, నలిగిపోయిన గడ్డిని చాలామంది అక్కడే అంటించేస్తున్నారు. తగలబెట్టే గడ్డితో చల్లటి ఇల్లు కట్టుకోవచ్చని తెలిశాక ఇంక నాకు ఇటుక మీద మనసు పోలేదు.

మా ఊళ్ళో ఈ మాట చెప్తే ఎవరూ తిట్టలేదు. నవ్వారు. తిట్టింది మామ్మ ఒక్కతే.

రాతిపునాది అయింది. సరుగుడు గుంజలు పాతి పెంకు కప్పు ముందే వేసేశాం, గడ్డి తడవకుండా ఉండాలని. బుచ్చయ్యపేట పొలాల్లో మిషను చుట్టిన గడ్డికట్టలు ట్రాక్టరులో వచ్చి దిగుతున్నాయి. మామ్మ కంచె దాటి నేరుగా వచ్చేసింది. పరక తుప్పున ఉమ్మింది.

"ఏటే ఇది?"

"గడ్డి మామ్మా. గోడలకి."

"నోటికాడ గడ్డి అట్టుకొచ్చి గోడలో కుక్కుతావా? నీ జిమ్మడ! ఈ గడ్డి కోసం నాను ఎన్నూర్లు తిరుగుతానో నీకు తెల్సా? ఆవు అడిగితే ఏటి సెప్తావు? నీ గడ్డి గోడలో ఎట్టి తొంగున్నానని సెప్తావా?"

చీడికాడ నుంచి వచ్చిన మా మేస్త్రి నెమ్మదస్తుడు. "ఇది ఆల్లు కాల్చీసే గడ్డి మామ్మా. పసువులు ముట్టవు," అన్నాడు.

"నువ్వు పసువువా? నీకెలా తెల్సు? ఎర్రావు సెప్పాల."

చెప్పడమే కాదు, కట్టలోంచి గుప్పెడు లాక్కుని శాలకి వెళ్ళింది. మేం వెనకాలే వెళ్ళాం. ఎర్రావు ఆ గడ్డిని వాసన చూసింది, ముక్కుతో ఓసారి పొడిచింది, ఫుస్సుమని మొహం తిప్పుకుంది. మిషనులో నలిగి, దుమ్ము పట్టిన గడ్డి మరి. మామ్మ ఇంకో గుప్పెడు మూతి దగ్గర పెట్టింది. ఎర్రావు ఏకంగా వెనక్కి తిరిగి నిలబడింది.

మామ్మ పరక ఇటు నుంచి అటు తిప్పింది. "సరే. ఇది తిండి కాదు. ఎట్టుకో నీ గోడకి," అంది.

మంచి చెడ్డా చూసే పెద్దమనిషి వచ్చి ఒప్పుకున్నట్టు నాకు ప్రాణం లేచొచ్చింది. నవ్వుకోండి, ఫరవాలేదు. పంచాయతీ అనుమతి కంటే నాకు ఆ ఆవు అనుమతే ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

అక్కడి నుంచి మామ్మ రోజూ మా పని దగ్గరే. కట్ట మీద కట్ట పేర్చి, వెదురు మేకులు దిగ్గొడుతూ గోడ లేపుతుంటే కింద నుంచి సలహాలు. ఆవిడ చెప్పినవన్నీ జరిగాయని అనుకోకండి. పొయ్యి వెలిగించిన రోజే ఇల్లు అంటుకుంటుందంది. రెండు వైపులా మట్టి పట్టించాక ఆ గోడ అంత తేలిగ్గా అంటుకోదని మేస్త్రి పూత ముక్క ఒకటి మంట మీద పెట్టి చూపిస్తే, "అది ముక్క, ఇది గోడ," అని ఇసక బకెట్టు తెచ్చి మా గుమ్మంలో పెట్టింది. పాములొస్తాయంది. రాలేదు. కప్పు ఎగిరిపోతుందంది. ఎగరలేదు. జరగలేదని ఎప్పుడైనా గుర్తు చేస్తే, "నాను సెప్పేను కాబట్టే జరగనేదు," అనేది.

ఇంత మాట్లాడే మనిషి, నోట్లో మాట ఆగని మనిషి. నాకు దగ్గు వస్తే సాయంత్రానికి చోడవరం సంతలో కూరలమ్ముకునే ఆవిడకి కూడా తెలిసిపోయేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మట్టిపూతలో బెల్లం కలపాలన్నదీ ఆవిడే. బంకమట్టి, ఇసక, సన్నగా తరిగిన గడ్డి, పేడ కలిపి మేస్త్రి తొక్కుతుంటే చూసి, "బెల్లం నీల్లు పొయ్యవేటి? మాయత్త మట్టిగోడకి పోసేది. రాయి నాగ ఉండేది," అంది. మా వైపు బెల్లానికి కరువా? ఆవిడ దగ్గర పాలు పోయించుకునే రైతు ఒకాయన బెల్లం వండుతాడు. పాకం మీద తేలితే తీసి పారేసే మడ్డి నురగ ఉంటుంది కదా, అది క్యానుల్లో పట్టుకొచ్చింది. పూత నిజంగానే బాగా పట్టింది. ఇల్లంతా కొన్నాళ్ళు పాకం వాసన. మర్నాటికల్లా చీమలు బారులు తీరాయి. మామ్మ పసుపు చల్లింది. చీమలు పసుపు పక్క నుంచి నడిచాయి.

మధ్యలో ఓ రోజు, కాలం కాని కాలంలో గాలివాన కొట్టింది. అప్పటికి పడమటి వైపు బయటి పూత ఇంకా పడలేదు. టార్పాలిన్ కట్టాం గానీ గాలికి ఓ కొస లేచిపోయి జల్లు గోడకి తగిలింది. తర్వాత రోజుల తరబడి మంచి ఎండ కాసింది. అందరం తడిమి చూశాం, ఎండిపోయిందనుకున్నాం. ఆ రోజుల్లోనే మామ్మ కె.కోటపాడులో కూతురి దగ్గరికి పురిటికి వెళ్ళింది. చెయ్యి పెట్టే మనిషి లేదు. వచ్చేసరికి గోడకి పూత వేసేశాం. "ఇంకిప్పుడు సెయ్యెలగ ఎట్టాల?" అని విసుక్కుంటూ వెళ్ళిపోయింది.

గృహప్రవేశం వైశాఖంలో. ఆవుని ముందు ఇంట్లో అడుగుపెట్టించడం మన ఆచారం కదా. ఎర్రావు తప్ప ఇంకో ఆవు ఈ గుమ్మం తొక్కడానికి వీల్లేదని మామ్మ ముందే ఖాయం చేసేసింది. ఇంట్లోకి రాగానే ఆవు అరటిపండు ఆబగా అందుకోవాలి, అందుకోకుండా మొహం తిప్పుకుంటే తన పరువు పోతుందని ఆవిడ భయం. అందుకని పొద్దున్న దానికి మేత వెయ్యలేదు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఎర్రావు కొమ్ములకి పసుపు రాసి, మెళ్ళో బంతిపూల దండ వేసి తోలుకొచ్చింది. తనూ కొత్త చీర కట్టుకుంది, నోట్లో పరక కూడా కొత్తదే. చుట్టాలందరూ గదిలో గోడలకి ఆనుకుని నిలబడ్డారు. పంతులుగారు మంత్రం అందుకున్నారు. నేను కొత్త గిన్నెలో పాలు పట్టుకుని నిలబడ్డాను. వదిన అరటిపండు చాపింది. ఎర్రావు ఆ పండు వైపు చూడనైనా చూడలేదు. ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. తిన్నగా పడమటి మూలకి నడిచింది.

ఆ మూల ప్లగ్గు పాయింటు పెట్టాలని మేస్త్రి ఒక్క పలచటి పూతే వేసి వదిలేశాడు. ఎర్రావు నాలిక బయటపెట్టి గోడని నాకింది. మళ్ళీ నాకింది. బెల్లం గోడ! పూత నానింది, పెళ్ళ ఊడి కిందపడింది. అంతే, మూతి లోపలికి పెట్టి గుప్పెడు గడ్డి లాగి, అందరి ముందూ నిలబడి కరకరా నమలడం మొదలుపెట్టింది. మొహం తిప్పుకున్న గడ్డే అది!

"ఓలమ్మో, గోడ తినెస్తంది!" అంది వదిన.

ముందు ఎవరో నవ్వారు. తర్వాత మా పెద్దత్త, "ఇదేటి అపశకునమే, పాలు పొంగకుండానే ఇల్లు పోతంది," అంది. నవ్వు ఆగిపోయింది. అన్నయ్య నా వైపు చూశాడు. జాలిగా చూశాడు. ఆ చూపులో వెనక గది తలుపు తెరుచుకోవడం నాకు కనిపించింది. పాలగిన్నె ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

మామ్మ పరుగున వచ్చి ఆవు మెడ పట్టుకుని పక్కకి లాగింది. కన్నం ముందు నిలబడింది. అలవాటు కదా, పరక తీసి చెవి వెనక పెట్టుకుంది. చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది. కళ్ళు మూసుకుంది.

ఆవిడ మొహం ఒక్క క్షణం ఎలాగో అయింది. నేను చూశాను. ఆవు కోసం సిగ్గుపడుతోంది కాబోలనుకున్నాను.

చెయ్యి తీసింది. కొంగుకి తుడుచుకుంది. గిర్రున తిరిగి గదంతా వినబడేలా అందుకుంది.

"ఏటలా సూస్తన్నారు? ఆవు అడుగెడితేనే సుబం అంటారు. ఈ ఇంట్లో ఆవు కడుపు కూడా నింపుకుంది. మీయిల్లల్లో ఏ ఆవు తిన్నాది? సున్నం తిన్నాదా, సిమిటీ తిన్నాదా? ఒలే పెద్దమ్మా, నీ నోటికి పండెట్టుకో. పంతులుగారూ, కానీండి, ముగూర్తం దాటిపోతంది!"

పంతులుగారు ప్రాణం లేచొచ్చినట్టు "శుభం, శుభం, గోగ్రాసం జరిగింది," అన్నారు. అందరూ మళ్ళీ నవ్వారు, ఈసారి హాయిగా. పాలు పొంగాయి. భోజనాలయ్యాయి. మామ్మ నిలబడే తిని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఆవుని తోలుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు అన్నయ్య గోడ తట్టి, "బాగానే ఉందే," అన్నాడు. ఆ మాట కోసం నేను ఎంతకాలం నుంచి ఎదురుచూస్తున్నానో.

చుట్టాలందరూ వెళ్ళిపోయాక, ఇంకా వెలుతురుండగానే మామ్మ వచ్చింది. పాత చీరలోకి మారిపోయింది.

"అమ్మీ," అంది మెల్లగా. ఆవిడకి మెల్లగా మాట్లాడటం వచ్చని అప్పుడే తెలిసింది. "గోడకి జొరం ఉంది."

"ఎప్పుడు తెలిసింది?"

"పొద్దుట. సెయ్యి ఎట్టినప్పుడే."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"నీ పాలు పొంగనీ అని." మళ్ళీ తనే అంది: "మీయన్న ముందర సెప్తే ఆ పూటే నిన్ను ఎనక గదికి అట్టుకుపోడూ? నాకు తెల్దేటి?"

నేను గోడకి చేరగిలబడి వెక్కివెక్కి ఏడ్చాను. ఇల్లు పాడైందని కొంత, ఆవిడ నోరు కట్టేసుకుందని ఎక్కువ. ఊరందరి గుట్టూ వీధిలో పెట్టే మనిషి, నా కోసం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట కడుపులో దాచుకుంది. ఆ పూట ఆవిడకి ఎంత కష్టమైందో ఆవిడని ఎరిగినవాళ్ళకే తెలుస్తుంది.

"ఏడుపెందుకే? జొరం వస్తే మడిసిని పారేస్తామేటి? రేపు ఇప్పి సూద్దాం," అని, కొడవలి మా గుమ్మం పక్కనే పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు మేస్త్రి బయటి వైపు పూత కొట్టి చూస్తే, మూల కట్టలు లోపల నల్లగా మగ్గిపోయి ఉన్నాయి. ముక్కు పట్టుకోవాల్సిన వాసన. ఆ గాలివాన చెమ్మ అది. పైన ఎండినట్టు కనిపించి లోపలే ఉండిపోయింది. ఇంకొన్నాళ్ళు మూసి ఉంచితే పక్క కట్టలకీ పాకేదని, గోడ కూర్చుండిపోయేదని మేస్త్రి అన్నాడు. పాడైనవన్నీ లాగేశాం. గోడలో మనిషి దూరేంత బొక్క. ఆ బొక్కలోంచి రోడ్డు మీద పోయే ఆటోలు కనిపిస్తున్నాయి.

"ఇప్పుడు కట్టలు దొరకవమ్మా," అన్నాడు మేస్త్రి. "మల్లీ కోతలకే. వానలు చూస్తే వచ్చీసేలా ఉన్నాయి."

నోరు తెరిస్తే అన్నయ్యకి ఫోన్ చెయ్యమని అనేసేదాన్నే.

మామ్మ పరక ఇటు నుంచి అటు తిప్పింది. అటు నుంచి ఇటు తిప్పింది. తుప్పున ఉమ్మేసి శాల వెనక్కి వెళ్ళింది. కాసేపటికి నెత్తి మీద పెద్ద గడ్డిమోపుతో వచ్చింది. తన కుప్పలోది. చేత్తో కోసి, చేత్తో నూర్చిన పొడుగాటి గడ్డి, బంగారంలా మెరుస్తోంది. ఎర్రావు తినే గడ్డి.

"మామ్మా, వద్దు. అది నోటికాడ గడ్డి. నువ్వే అన్నావు."

"అన్నాను. ఎవులు కాదన్నారు? ఎర్రావు తినెస్తే కన్నం పడింది, ఎర్రావే పూడుస్తాది. పక్కకి జరుగు."

మోపు దించి మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ తెచ్చింది. మేమూ వెళ్ళి మోశాం. మిషను చుట్టకపోతే విడి గడ్డి గోడలో నిలవదని మేస్త్రి చెక్కలు కొట్టి పెట్టెలా చేశాడు. అందులో గడ్డి పోసి తొక్కాలి, తాడుతో బిగించాలి. మామ్మ నా భుజం పట్టుకుని పెట్టెలోకి ఎక్కింది. "తొక్కు, నీ జిమ్మడ! అన్నం తిననేదేటి? మందుల కంపినీలో ఇలగేనా పని సేసీదానివి?" అని నన్ను తిడుతూ తనూ తొక్కింది. ఇద్దరం ఒకరి భుజాలొకరం పట్టుకుని ఎగురుతుంటే రోడ్డు మీద ఆటోలు ఆపి మరీ చూశారు జనం. నా గృహప్రవేశం రోజు కూడా నేను అంత నవ్వలేదు.

ఆ కట్టలు బొక్కలో బిగించి వెదురు మేకులు దిగ్గొట్టాక, మేస్త్రి లోపలి వైపు ఆవు చేసిన కన్నం మూసేయబోయాడు. మామ్మ అడ్డం నిలబడింది.

"అది ఒగ్గీ. నా సెయ్యి దూరేటంత ఒగ్గీ."

అదే ఆ కిటికీ. తలుపు తర్వాత పెట్టించాను.

ఆ యేడు ఆషాఢంలో వాన కురుస్తుంటే, నెత్తి మీద గోనెసంచి కప్పుకుని మామ్మ పొలంగట్ల మీద గడ్డి కోస్తూ కనిపించేది. కుప్ప తరిగిపోయింది కదా. ఓ రోజు పచ్చిగడ్డి మోపుతో తడిసిపోయి వస్తుంటే ఎదురెళ్ళాను. "నా వల్లే కదా మామ్మా," అన్నాను.

"నీ వల్లేటే? ఎర్రావుకి ఎండుగడ్డి మొకం మొత్తింది. పచ్చిది గావాలంది," అని నన్ను పక్కకి నెట్టి వెళ్ళిపోయింది. కొడవలి పట్టిన వేళ్ళు నానిపోయి తెల్లగా ఉన్నాయి. నేను ఇంటికొచ్చి, చల్లటి గదిలో, గట్టి గోడ పక్కన కూర్చున్నాను. నా జీవితంలో నాకెవరూ అంత పెద్ద మేలు అంత తిడుతూ చెయ్యలేదు.

తర్వాత ఎన్ని వానలు వచ్చి వెళ్ళాయో. తుఫానులు కూడా వచ్చాయి. వాన వెలిస్తే చాలు, చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చేది. పరక చెవి వెనక, చెయ్యి గోడలో, కళ్ళు మూత. నేను ఊపిరి బిగపట్టి నిలబడేదాన్ని. "జొరం నేదు," అనేది. టీ ఇస్తే నిలబడే తాగేది. ఓసారి నా స్నేహితురాలు గోడల్లో చెమ్మ చూసే మిషను తెచ్చింది. వంటింటి గొట్టం దగ్గర కాస్త చెమ్మ ఉందని ఆ మిషను పట్టుకుంది. మామ్మ పట్టుకోలేదు, ఎందుకంటే అక్కడ చెయ్యి పెట్టే చోటు లేదు. వారం రోజులు మా ఇంటికి రాలేదు. వచ్చాక, "ఆ మిసనుకి ఎర్రావు ఎవులో తెల్సా? తెల్దు," అని తేల్చేసింది.

మోకాళ్ళు పట్టేసి వంగలేని రోజులొచ్చాక ఆ పని నాకు అప్పగించింది. అప్పగించిందంటే ఒప్పుకుందని కాదు. వాన వెలవగానే కంచె అవతల మంచం మీద నుంచి కేక. "సూసేవా?" నేను చెయ్యి పెట్టి, అక్కడి నుంచే అరిచేదాన్ని, "జొరం నేదు మామ్మా!" వెంటనే జవాబు, "మోసెయ్యి దాకా ఎట్టేవా? మల్లీ ఎట్టు!" ఎప్పుడూ మళ్ళీ పెట్టేదాన్ని. ఒక్కసారి కూడా మొదటిసారికి నమ్మింది లేదు.

ఆఖరి రోజుల్లో ఆవిడకే జ్వరం పట్టుకుంది. వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేశాను. కాలిపోతోంది. కళ్ళు తెరిచి నన్ను చూసి, "గోడెలగుంది?" అంది.

"గోడకేం మామ్మా, బాగుంది. నీకే జొరం ఉంది."

"నాకుంటే ఉండనీ. దానికి నేదు గదా," అని, నోట్లో పరక లేదని గుర్తొచ్చిందేమో, దవడ అటూ ఇటూ ఆడించింది. నేను శాలలోంచి ఓ పరక తెచ్చి చేతిలో పెట్టాను.

ఆవులని కూతురు కోటపాడు తోలుకుపోయింది. శాల ఖాళీగా ఉంది. కుప్ప ఉన్న చోట ఇప్పుడు పిచ్చిమొక్కలు లేచాయి. ఆవిడ చేత్తో కోసిన గడ్డి ఈ భూమ్మీద ఇంకా ఎక్కడైనా ఉందంటే అది నా పడమటి గోడలోనే. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గోడ పక్కన చాప వేసుకుని పడుకుంటాను. హాయిగా నిద్ర పడుతుంది. ఆ నిద్ర ఆవిడ పెట్టిందే.

ఇదంతా పిల్లలకి చెప్పానా? కొంత చెప్పాను. ఆవు గోడ తిన్నంతవరకూ చెప్పాను. ఫోటోలు తీసుకున్నారు, ఆ అడిగిన అమ్మాయి వంగి కిటికీ తలుపు తీసి గడ్డిని వేలితో ముట్టుకుని, "ఇది మిగతా గడ్డిలా లేదే ఆంటీ, పొడుగ్గా ఉంది," అంది. కళ్ళున్న పిల్ల. "అది తినే గడ్డమ్మా," అన్నాను.

వాళ్ళ బస్సు వెళ్ళిన కాసేపటికి మబ్బేసి పెద్ద వాన పడింది. సాయంత్రానికి వెలిసింది. గాజులు పైకి తోసుకుని, నేల మీద చతికిలబడి, కిటికీలో చెయ్యి పెట్టాను. కళ్ళు మూసుకున్నాను. పొడిగా ఉంది.

"జొరం నేదు మామ్మా!" అని అలవాటుగా గట్టిగా అరిచేశాను.

కంచె అవతల నుంచి ఏ కేకా రాలేదు. కాసేపు చూశాను. తర్వాత, ఈసారి మోచేతి దాకా, మళ్ళీ పెట్టాను.